వాడిక ఇల్లు

పంపకాల్లో నేను చిన్నకోడలికి వెళ్లాను. ఈ సంగతి ముందుగా నాకెవరూ చెప్పలేదు. ఒకరోజు పొద్దున ఆరుంబావుకి గేటు గొళ్లెం చప్పుడైతే, అలవాటుగా పాలగిన్నె పట్టుకుని బయటికి వెళ్లాను. రోజూ వచ్చే పాలక్క లేదు. ఆమె తోడికోడలు కొత్త క్యాను పట్టుకుని నిలబడి ఉంది. పాలక్కకి ఒంట్లో బాగుండనప్పుడు ఒకటి రెండుసార్లు వచ్చింది కాబట్టి మనిషిని గుర్తుపట్టాను.

"అమ్మా, ఇగ మీరు నాకొచ్చిండ్రు" అంది నవ్వుతూ.

"వచ్చానా? ఎక్కడికి వచ్చాను?"

"మొన్న పంపకాలైనయ్ గదమ్మా. బర్రెలు పంచుకున్నం, వాడిక ఇండ్లు పంచుకున్నం. మీ ఇల్లు నా వంతుకు వచ్చింది."

నాకు ఒళ్లు మండిపోయింది. నేనేమన్నా బర్రెనా, మంచమా, గుండిగనా పంచుకోవడానికి? నా ఇంట్లో నేను తాగే పాలు ఎవరు పోయాలో ఎక్కడో ఊళ్లో పదిమంది కూర్చుని తేల్చడమేమిటి? ఆ పూటకి పాలు పోయించుకున్నాను, లేకపోతే మా ఆయన కాఫీ లేకుండా డ్యూటీకి వెళ్లాలి. లోపలికి వచ్చి ఆయనతో చెబితే కడుపు పట్టుకుని నవ్వారు. "ఇంతకీ వాటాలో మనతోపాటు ఇంకేం వచ్చాయట?" అన్నారు. ఆయన అలాంటి మనిషే లెండి, ఏదీ మీద వేసుకోరు.

మాది కృష్ణా జిల్లా వైపు. మా ఆయన పవర్ ప్లాంటులో ఇంజనీరు. జ్యోతినగర్ క్వార్టర్సులో దిగి పంతొమ్మిదేళ్లు అవుతోంది. సామాను ఇంకా అట్టపెట్టెల్లోంచి తీయకముందే, రెండో రోజునే, ఒక ముసలావిడ గేటు దగ్గరికి వచ్చి "వాడిక పెట్టుకుంటరా బిడ్డా?" అని అడిగింది. కమాన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి పాలు తెచ్చి క్వార్టర్సులో పోసేవాళ్లలో ఆమె ఒకతె. ఆ మాట నాకు కొత్తేమీ కాదు. మా వైపు వాడుక అంటాం. రోజూ ఒకే మనిషి దగ్గర పాలు పోయించుకోవడం, అంతే. నచ్చినన్నాళ్లు పోయించుకుంటాం. నీళ్లు ఎక్కువైతే మాన్పించేసి ఇంకొకళ్లని పెట్టుకుంటాం. ఇదీ అదే అనుకుని సరేనన్నాను.

మొదటిరోజు ముసలావిడ గిన్నె కడిగి, పసుపు రాసి తెమ్మంది. పాలు పోసి వెళ్లిపోకుండా, అవి పొయ్యి మీద పొంగేదాకా గుమ్మం బయటే నిలబడింది. పొంగాయని చెప్పాక తృప్తిగా తలూపింది. "ఇగ మీరు మా ఇల్లు" అంది. మర్యాదకి అందనుకున్నాను. మనం మాత్రం అనమూ, ఇది మీ ఇల్లే అనుకోండి అని?

నాలుగేళ్లు తిరిగాక ముసలావిడ మోకాళ్లు పట్టేసి, పెద్దకోడలు రావడం మొదలుపెట్టింది. మా పిల్లలు పాలక్క అని పిలిస్తే నాకూ అదే అలవాటైంది. నా ఈడుదే. భర్త కామెర్లతో పోయాడు, ఒక్కతే కూతురు. పొద్దున్నే పాలవాళ్లంతా కలిసి మాట్లాడుకున్న ఆటోలో వచ్చి, పాలు పోయడం అయ్యాక అదే ఆటోలో తిరిగి వెళ్లేది. ఆటో వాడు హారన్ కొట్టేదాకా నా గేటు దగ్గరే నిలబడి కబుర్లు. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు, ఆమెదీ తక్కువేం కాదు. పాలు పల్చగా ఉన్నాయని ఒకరోజు "ఇవాళ గోదారి మొత్తం కలిపేశావా?" అన్నాను. "గోదారి మీ ప్లాంటుకే సాలుతలేదమ్మా, మా క్యానుదాంక ఏడ వస్తది?" అంది.

ఆమెలో నేను చూసిన పట్టింపు ఒక్కటే. గిన్నె చాపితే ఖాళీగా పంపేది కాదు. అనుకోకుండా చుట్టాలు వచ్చి నేను రెండో గిన్నె పట్టుకొస్తే, క్యాను అడుగున మిగిలిన పాలు వేరే ఇంటివైనా సరే, ఒక గ్లాసుడు పోసి వెళ్లేది. చాపిన గిన్నెని వట్టిగా తిప్పి పంపితే బర్రె వట్టిపోతుందని వాళ్ల నమ్మకం. అదేం నమ్మకమే తల్లీ అంటే, "పాడి ఉన్నోళ్లకు తెలుస్తది లే అమ్మా" అని కొట్టిపారేసేది.

భర్త పోయాక ఆమెకి ఉన్న పట్టుదల ఒక్కటే, మరిది ఇంట్లో ముద్ద తినకూడదని. అందరూ ఒకే ఆవరణలో ఉన్నా పొయ్యి వేరే పెట్టుకుంది. "రెక్కలు ఆడినన్ని రోజులు నా కూడు నా పొయ్యి మీదనే ఉడకాలె అమ్మా" అనేది. కూతుర్ని కరీంనగర్‌లో నర్సింగులో చేర్పించింది. ఆ చదువు, ఈ పొయ్యి, రెండూ పాల మీదే నడిచాయి.

అలాంటిది ఊరే పోయింది. ఓపెన్‌కాస్ట్ గని ఏటేటా దగ్గరికి జరుగుతూ వచ్చి, ముందు చేన్లు, తర్వాత బర్రెలు మేసే బీడు, ఆఖరికి ఇళ్లు తీసుకుంది. అందరికీ వేరే చోట కాలనీలో జాగాలిచ్చారు. ఉమ్మడిగా ఉండడానికి ఇల్లే లేనప్పుడు ఉమ్మడి ఎక్కడిది? కులపెద్దలు కూర్చుని పంచారు. భూమి లేదు, మిగిలింది బర్రెలు, పాలుపోసే ఇళ్లు. మూడు బర్రెలు, ఎనిమిది ఇళ్లు మరిది వాళ్లకి. రెండు బర్రెలు, ఆరు ఇళ్లు పాలక్కకి. ఆ ఎనిమిదిలో నేనొకదాన్ని.

ఇదంతా నేను ఫోన్ చేసి అడిగితే పాలక్క చెప్పింది. పదిహేనేళ్లు పాలు పోసిన మనిషి నాకు ఒక్క మాట చెప్పకుండా పోయిందని ఒకపక్క ఉక్రోషం, విధవరాలని తక్కువ ఇళ్లు అంటగట్టారని ఇంకోపక్క కోపం.

"నువ్వు వస్తేనే పాలు తీసుకుంటాను, లేకపోతే లేదు. ఎవరేమంటారో చూస్తాను" అన్నాను.

"అట్ల చెయ్యకుండ్రి అమ్మా, మీకు దండం వెడ్త. మా ఏరాలు మంచిదే. పాలు మంచిగనే పోస్తది." ఏరాలంటే వాళ్ల వైపు తోడికోడలు.

"నీకు భయం. నాకు లేదు."

"భయం కాదమ్మా, జర నా మాట ఇనుండ్రి" అంటూ ఇంకేదో చెప్పబోయింది. నేను పెట్టేశాను. ఆ మాట ఆరోజు పూర్తిగా విని ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

మా ఆయన మీద గెలవడానికని నిఘంటువు కూడా తీశాను. వాడు అనే క్రియకి ఇక చేరితే వాడిక. కోరు, కోరిక. చేరు, చేరిక. కూడు, కూడిక. అలాగే ఇదీ. అర్థం ఏమిటంటే వాడటం, అలవాటు, ఆచారం. "చూశారా, వాడేది నేను, కాబట్టి వాడిక నాది. ఎవరితో పెట్టుకోవాలో చెప్పాల్సింది నేను" అన్నాను. "ఆచారం అని కూడా ఉందిగా, అది ఎవరిదట?" అన్నారాయన పేపర్ తిప్పుతూ. ఆయన మాటకి విలువిచ్చే అలవాటు నాకు లేదు.

మర్నాడు చిన్నకోడలు వస్తే గేటు తీయలేదు. పక్క క్వార్టర్ల వాళ్లు ముగ్గురు నలుగురు పాలకోసమే బయటికొచ్చి ఉన్నారు. అందరూ వింటుండగానే "రేపటినుంచి రావద్దు. నా ఇల్లు, నా గిన్నె, నా ఇష్టం" అన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది.

అక్కడితో ఆగానా? లేదు. పాలక్క ఆ వేళప్పుడు మా వెనక వీధిలో ఒక ఉమ్మడి కుటుంబానికి పోస్తుందని తెలుసు. వాళ్లకి రోజుకి మూడు లీటర్లు. గిన్నె పట్టుకుని అక్కడికే నడిచాను. ఆటో అక్కడే ఆగి ఉంది, పాలవాళ్లంతా అందులో ఉన్నారు. వాళ్ల గేటు దగ్గర, పాలక్క ముందు, గిన్నె చాపాను.

ఆమె నా మొహం చూసింది, ఆటో వైపు చూసింది. "అమ్మా, వద్దు" అంది మెల్లగా. నేను గిన్నె దించలేదు. దించాలని తోచలేదు కూడా. పంతం పట్టిన చిన్నపిల్లలా నిలబడ్డాను, యాభై దాటిన దాన్ని. ఆమె క్యాను వంచింది. అర లీటరు పోసింది. నేనేమో జాలిగుండెతో పోస్తోందనుకున్నాను. గిన్నె ఖాళీగా పంపలేక పోసిందని తర్వాత గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

నాలుగు రోజులకి పొద్దున్నే మా గేటు దగ్గరికి పాలక్కే వచ్చింది. నా ఆనందం చెప్పలేను. "చూశావా, గెలిచాం!" అన్నాను. ఆమె పాలు పోసి, మూత పెట్టి, అప్పుడు చెప్పింది. తోడికోడలి వాడిక ఇంటిని విరగ్గొట్టి తనవైపు తిప్పుకుందని పెద్దలు మళ్లీ కూర్చున్నారట. ఆటోలో ఉన్న వాళ్లంతా చూశామని చెప్పారట. చూసినదే కదా చెప్పారు. తీర్పు ఏమిటంటే, నేను అంత పట్టుబడుతున్నాను కాబట్టి నా ఇల్లు పాలక్కే ఉంచుకోవాలి. దానికి బదులు ఆమె ఇళ్లలో చిన్నకోడలు కోరుకున్న ఇల్లు ఇచ్చేయాలి. చిన్నకోడలు మూడు లీటర్ల ఇల్లు కోరుకుంది.

మాది అర లీటరు. పిల్లలు హైదరాబాద్ వెళ్లాక మా ఇద్దరికీ అంతకంటే ఎందుకు?

"అయితే నేను మానేస్తాను. ప్యాకెట్ పాలు తెచ్చుకుంటాను. నీ ఇల్లు నీకు తిరిగి వస్తుంది కదా?" అన్నాను.

"రాదమ్మా. మీరు గీ క్వార్టర్ల ఉన్నన్ని రోజులు గిట్లనే అన్నరు. 'గా అమ్మ మాటకు నిలకడ లేదు, ఇయ్యాల వద్దంటది, రేపు రమ్మంటది, ఆమె ఖాళీ చేసి పోయినంక ఎవల ఇండ్లు వాళ్లకు' అన్నరు. మీరు మానేస్తే నాకు గీ అర లీటరు గూడ ఉండదు."

ఆదివారం మా ఆయన స్కూటరెక్కి కాలనీకి వెళ్లాం. ఎలాగైనా సరే నా మాట వెనక్కి తీసుకుని, తీర్పు మార్పించుకు రావాలని. ముసలావిడ వరండాలో నులకమంచం మీద ఉంది. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోమంది.

"అవ్వా, తప్పు నాది. ఆమెది కాదు. వాడిక అంటే పాలు పోయించుకోవడమే అనుకున్నాను నేను" అన్నాను.

"పాలు ఎప్పటి సంది వచ్చినయ్ బిడ్డా? గా మాట పాలకంటె ముందుది" అంది ముసలావిడ. "ఎనకట బట్టలుతికేటోళ్లకు వాడిక ఇండ్లుండె. గడ్డం గీసేటోళ్లకు ఉండె. కుండలు చేసేటోళ్లకు ఉండె. గా ఇంటికి ఇంకొకలు పోవుడు లేదు, గీళ్లు నాగా చేసుడు లేదు. వాన రానీ, ఇంట్ల పీనుగుండనీ, పోవాలె. ఇండ్లంటె మాకు చేను లెక్క. చేను ఎవలకు అడిగి పంచుతరు చెప్పు?"

నాగా అంటే చెప్పకుండా రాకపోవడం. గనుల్లో డ్యూటీ ఎగ్గొట్టినా ఇదే మాట అంటారు. పంతొమ్మిదేళ్లుగా పాలక్క గానీ ఈమె గానీ మా ఇంటికి నాగా పెట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాలేనప్పుడు ఇంకెవరినైనా పంపేవాళ్లు. అది వాళ్ల మంచితనం అనుకుంటూ వచ్చాను నేను, అదేదో నా అదృష్టం అయినట్టు. అది వాళ్లు చేసే సాగు అని ఆవేళ తెలిసింది. నిఘంటువులో ఆచారం అన్న అర్థం ఎవరిదో కూడా తెలిసింది. మా ఆయన పక్కనే ఉండి అంతా విన్నారు.

చిన్నకోడలు పెరట్లోంచి పేడచేతులతో వచ్చింది. నా ఇల్లు మళ్లీ నువ్వే తీసుకో, మూడు లీటర్ల ఇల్లు ఆమెకి ఇచ్చేయి అని బతిమాలాను. క్షమించమని కూడా అడిగాను. నా నోటి వెంట ఆ మాట అంత తొందరగా రాదు, అయినా అడిగాను.

"నలుగురి ముందర గేటు తియ్యకుంట పంపిండ్రు నన్ను" అంది. "నేనేం దొంగతనానికి వచ్చిననా అమ్మా?"

"తప్పే."

"తీర్పు అయినంక తిప్పుడు నా చేతుల లేదు. ఒక్క మాట అడుగుత. మా అక్క ఇండ్లు నేను గుంజుకున్ననని గదా మీ కోపం? పెద్దకోడలని ముందుగాల్ల ఏరుకునుడు ఆమెకే ఇచ్చిండ్రు. గా ఆరు ఇండ్లు ఆమె ఏరుకున్నయే. ఎక్కువ పోయించుకునేటియి చూసి ఏరుకుంది. మిగిలినయి నాకచ్చినయ్. గా ఇండ్లల్ల మీదొకటి."

స్కూటర్ వెనక కూర్చుని ఇంటికి వచ్చేదాకా ఆ మాటే తలుచుకున్నాను. పదిహేనేళ్ల స్నేహం అనుకున్నాను. ఆమెని నా దగ్గర్నుంచి లాక్కున్నారని గొడవ చేశాను. ఆమె నన్ను చూసి, లెక్క వేసుకుని, వదిలేసుకుంది. ఫోన్‌లో చెప్పబోయిన మాట అదే. నేను చిన్నబుచ్చుకుంటానని నసిగింది.

మర్నాడు గిన్నె పట్టుకునే అడిగేశాను. దాచుకోవడం నాకు రాదు.

"నన్నెందుకు ఏరుకోలేదు?"

ఆమె సిగ్గుపడలేదు. "మీది అర లీటరు అమ్మా. మీతోని ముచ్చట వెట్టుకుంటే ఇంకో రెండిండ్లు ఆలిశమైతయ్. మీరంటే నాకు పాణమే. గని బర్రె గడ్డి తింటది గదమ్మా, ముచ్చట్లు తినది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రేపట్నించి రెండు లీటర్లు పోయమన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "తాగేటోళ్లు లేంది ఏం చేస్తరు, తొట్టిల పారవోస్తరా? పాలు పారవోసే ఇంట్ల నేను పొయ్య" అంది.

ఆ తర్వాత వచ్చిన పండక్కే రెండో బర్రెని అమ్మేసింది. పోసే ఇల్లు లేకుండా ఆ పాలు ఏం చేసుకుంటుంది? కూతురి చదువు ఆపలేదు, ఇంకా ఏడాది ఉంది. ఆపనిది అదొక్కటే. సాయంత్రాలు మరిది వాళ్ల మూడు బర్రెలకి కుడితి పెట్టి, పేడ తీసి, రాత్రి కూడు వాళ్లింట్లోనే తింటోంది. ఇది కూడా నేను గుచ్చిగుచ్చి అడిగితేనే చెప్పింది. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు, క్యాను మూతనే రెండుసార్లు బిగించింది. వేరే పొయ్యి మాట అప్పట్నించి ఆమె నోట రాలేదు. నేను ఎత్తలేదు, ఎత్తే మొహం నాకు లేదు.

మా ఆయనకి వచ్చే మార్చిలో రిటైర్మెంటు. ఆ తర్వాత క్వార్టర్ అట్టిపెట్టుకోవడానికి ఇంకొన్నాళ్లు గడువిస్తారు. ఇటువైపు కొందరు అలా ఉండిపోయి, తర్వాత ఇక్కడే ఇల్లు కొనుక్కున్నారు. మనమూ ఉండిపోదాం, ఈ వయసులో కొత్త చోటు ఎందుకు, ఇక్కడైతే అందరూ తెలిసినవాళ్లు అని పోరింది నేనే. ఆయన నా పోరు పడలేక ఒక ఇల్లు కూడా చూసి వచ్చారు.

మొన్న సోమవారం పాలక్క పాలు పోసింది, వెళ్లలేదు. ఆటో హారన్ కొట్టింది, అయినా నిలబడింది.

"అమ్మా, ఒకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. సారుకు రిటైరైతుందట గద. మీరు క్వార్టర్ ఎప్పుడు ఖాళీ చేస్తరు?"

"ఎందుకు?" అనేశాను. అన్న వెంటనే ఎందుకో తెలిసింది.

ఆమె తల దించుకోలేదు. "ఎండకాలంల ఖాళీ చేస్తే, బిడ్డ ఆఖరు ఫీజుకు గా మూడు లీటర్ల ఇల్లు నాకు మల్ల వస్తది" అంది.

"మార్చి ఆఖరికి వెళ్లిపోతాం."

"పక్కానా అమ్మా?"

"పక్కా."

ఆమె మొహం విప్పారింది. నా ముందే, నా గేటు దగ్గరే, ఏమాత్రం దాచుకోకుండా సంబరపడింది. "మీరు సల్లగుండాలె" అని నా చెయ్యి పట్టుకుని, పరుగున ఆటో ఎక్కింది. నాకు కోపం రాలేదు. అక్కడే గేటు పట్టుకుని ఏడ్చాను. లోపలికి వెళ్లి మా ఆయనతో, క్వార్టర్‌కి గడువు అడగొద్దు, ఆ ఇంటి బేరం కూడా వద్దని చెప్పెయ్యండి అన్నాను.